మళ్ళీ ఒక్కసారి అనని మనిషి

పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళందరూ ఆమెను పిల్లి అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. నలభై ఆరేళ్ళ మనిషి, కాస్త బొద్దుగానే ఉంటుంది, అయినా గదిలోకి ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. పెళ్ళయిన నెలకి ఫోటోలు చేతికొచ్చాక, "ఇది ఎప్పుడు తీసింది ఈవిడ?" అని ఇంటిల్లిపాదీ ముక్కున వేలేసుకుంటారు. ఆమెకు కావలసిన మెచ్చుకోలు అదే.

మొదట్నుంచీ ఇలా లేదు. పదకొండేళ్ళు ఒక పెద్ద స్టూడియోలో పనిచేసింది. అక్కడ పెళ్ళంటే స్టేజీ, లైట్లు, "గడ్డం పైకి, భుజం కిందికి, ఇటు చూడండి, మళ్ళీ ఒక్కసారి". ఒకరోజు ఒక జంట ఒకరినొకరు చూసుకుని నవ్వాల్సి వచ్చింది. నవ్వారు. వెనక ఎవరిదో మోచెయ్యి అడ్డుపడింది. మళ్ళీ ఒక్కసారి. పెళ్ళికొడుకు కన్నార్పాడు. మళ్ళీ ఒక్కసారి. తొమ్మిదో నవ్వుకి పెళ్ళికూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్టూడియో యజమాని "ఆనందబాష్పాలు, అలాగే ఉండమ్మా" అన్నాడు. అలిసిపోయి ఏడుస్తున్న పిల్లని పట్టుకుని ఆనందబాష్పాలనే మనిషిని ఏమనాలో నాకైతే తెలియదు. ఆ ఫోటో ఏడాదిపాటు స్టూడియో అద్దాల్లో వేలాడింది. రోజూ దాని పక్కనుంచి లోపలికి నడవడం పిల్లికి పంటికింద రాయిలా ఉండేది. చివరికి పని మానేసింది.

అప్పట్నుంచి ఆమెది ఒకటే పద్ధతి. పెళ్ళిలో కెమెరా చేతికి తీసుకున్నాక ఎవరితోనూ ఒక్క మాట అనదు. ఇటు చూడమనదు, ఆగమనదు, జరిగిపోయినదాన్ని మళ్ళీ చేయమని చచ్చినా అడగదు. జరిగేది జరుగుతుంది, ఆమె తీస్తుంది, అంతే. స్టేజీ వద్దు, హడావుడి వద్దు, మా పెళ్ళి మాకు నచ్చినట్టు చేసుకుంటాం అనే జంటలు వెతుక్కుంటూ ఆమె దగ్గరికే వస్తాయి. పడవలో పెళ్ళి తీసింది. దిక్కులేని కుక్కల్ని సాకే ఆవరణలో పెళ్ళి తీసింది, అందులో పెళ్ళికొడుకు కంటే కుక్కలే బాగా పడ్డాయి. గడియారాలు బాగుచేసే ఆమె భర్త మాత్రం నవ్వుతాడు. "బయట నోరు మెదపదట మహాతల్లి. ఆ మిగిలిపోయిన మాటలన్నీ ఇంటికొచ్చి నా మీద దులుపుతుంది" అంటాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆమె చూపు ఎప్పుడూ అంచులకే పోతుంది. అందరూ జంటను చూస్తుంటే ఆమె గుమ్మం దగ్గర నిద్రపోతున్న తాతగారిని చూస్తుంది. "పెళ్ళి మధ్యలో ఉండదు, పక్కన ఉంటుంది" అని కాస్త గర్వంగానే చెప్పుకునేది. ఆ గర్వం ఒక శనివారం మధ్యాహ్నం దిగిపోయింది.

ఆ పెళ్ళికూతురు కుర్చీలు చేస్తుంది. కొనుక్కొచ్చి అమ్మడం కాదు, చెక్క కోసి, చిత్రిక పట్టి, తన చేతుల్తో చేస్తుంది. జడముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలుంటుంది. పెళ్ళికొడుకు పిల్లలకి ఈత నేర్పుతాడు, మెత్తని మనిషి, నీళ్ళలో తప్ప ఎక్కడా గొంతు పెంచడు. ఇద్దరూ పిల్లి దగ్గరికొచ్చి తమ పెళ్ళి ఎలా ఉండబోతోందో చెప్పారు. పెళ్ళికూతురి వర్క్‌షాపే పెళ్ళి మండపం. నలభై మంది వస్తారు, ఆమె చేసిన కుర్చీల్లో కూర్చుంటారు, తింటారు, కబుర్లు చెప్పుకుంటారు. పెళ్ళి చేయించేవాళ్ళెవరూ ఉండరు.

"మాకు ఎప్పుడనిపిస్తే అప్పుడు లేచి ఒకరికొకరు మాట ఇచ్చుకుంటాం అక్కా" అంది పెళ్ళికూతురు. "ఎప్పుడో మాకే తెలియదు. ఒక్కసారే చెప్పుకుంటాం. మాట రెండోసారి ఇస్తే మొదటిది రిహార్సల్ అయిపోతుంది."

పిల్లికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళకి తన భాష మాట్లాడే జంట దొరికింది.

పెళ్ళికొడుకు తల్లికి మాత్రం ఇదంతా కొరుకుడు పడలేదు. ఆవిడ ముప్పై ఏళ్ళు ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి, ఒంటి చేత్తో కొడుకుని పెంచుకొచ్చింది. "ఎప్పుడో చెప్పకుండా పెళ్ళేంట్రా? బస్సుకైనా ఒక టైముంటుంది" అంది. మళ్ళీ తనే, "నీ పెళ్ళి, నీ ఇష్టం. ఆ మాటలు నేను విన్నానంటే చాలు" అని సర్దుకుంది.

శనివారం వచ్చింది. వర్క్‌షాపులో రంపపు పొట్టు ఎంత ఊడ్చినా ఇంకా సందుల్లో ఉండనే ఉంది. కుర్చీలు ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. వాటి మీద కూర్చున్నవాళ్ళు ఒకరి మాట ఒకరికి వినబడాలంటే వంగాల్సి వచ్చేది, దాంతో ఎవరికి ఎవరూ కొత్తగా మిగల్లేదు. పిల్లి గోడ వెంట తిరుగుతూ చేతినిండా పని చేసుకుంది. పెళ్ళికొడుకు మేనమామ ఫోను చేతిలో పట్టుకుని, జంట కుర్చీలో కదిలినప్పుడల్లా లేచి నిలబడి, మళ్ళీ కూలబడుతున్నాడు.

నాలుగు గంటలప్పుడు పిల్లి వెనకవైపున్న చిన్న వంటగదిలోకి తొంగిచూసింది. పెళ్ళికొడుకు తల్లి ఒక్కతే సింకు దగ్గర గ్లాసులు కడుగుతోంది. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా ఆవిడ ముంజేతుల మీద పడుతోంది. ఇస్త్రీపెట్టె కాలిన పాత మచ్చలు కూడా కనిపిస్తున్నాయి. ఇంకేం కావాలి? పిల్లి గుమ్మంలో నిలబడి తీయడం మొదలుపెట్టింది. ఆవిడ ఒకసారి తలెత్తి చూసి, మొహమాటంగా నవ్వి, మళ్ళీ పనిలో పడింది. పిల్లి తీస్తూనే ఉంది. పావుగంట దాటింది.

వర్క్‌షాపు హాల్లోంచి ఉన్నట్టుండి చప్పట్లు వినిపించాయి.

తల్లి చేతులు నీళ్ళ కింద ఆగిపోయాయి. ఇద్దరూ హాల్లోకి వచ్చేసరికి జంట ఒకరినొకరు వాటేసుకుని ఉన్నారు, జనం లేచి నిలబడి ఉన్నారు. మాట ఇచ్చుకోవడం అయిపోయింది.

"ఒరేయ్, నా ఫోను తెరుచుకునేసరికే అయిపోయిందిరా" అని మేనమామ లబోదిబోమన్నాడు. "మళ్ళీ ఒక్కసారి చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

"ఒక్కసారే మామయ్యా" అన్నాడు పెళ్ళికొడుకు. అందరూ నవ్వారు. తల్లి కూడా నవ్వింది. తడిచేతులు చీరకి తుడుచుకుని, ఇద్దర్నీ దగ్గరికి తీసుకుంది.

పిల్లి ఒక పొట్టి స్టూలు మీద కూలబడింది. పదిహేనేళ్ళలో ఎప్పుడూ పెళ్ళిలో అసలు ఘట్టాన్ని పోగొట్టుకోలేదు. తల కొట్టేసినట్టయింది. అయినా తనకి తనే నచ్చజెప్పుకుంది: తప్పిపోతే పోయింది, జంటకి నిజమే చెబుదాం. సరిగ్గా ఆ క్షణంలో వాళ్ళమ్మ ఏం చేస్తోందో నా దగ్గరుంది, అది మాత్రం తక్కువ ఫోటోనా? అలా అనుకుంటూ కెమెరా తెర మీద వంటగది ఫోటోలు ఒక్కొక్కటే చూడసాగింది.

గ్లాసుల్లో ఒకదానికి మాత్రం నీలం గీత ఉంది. మొదటి ఫోటోలో ఆవిడ దాన్నే కడుగుతోంది. పదో ఫోటోలో అది ఆరబెట్టే స్టాండు మీద బోర్లించి ఉంది. ఇరవయ్యో ఫోటోలో మళ్ళీ ఆవిడ చేతిలో ఉంది. ముప్పయ్యో దాంట్లో స్టాండు మీద, నలభయ్యో దాంట్లో మళ్ళీ నురగలో. పిల్లి వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. ఆరు నిమిషాలయ్యేసరికే సింకు ఖాళీ. ఆ తర్వాత ఆవిడ కడిగినవన్నీ కడిగేసిన గ్లాసులే.

వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. "అమ్మా, ఆ గ్లాసులు ఎన్నిసార్లు కడిగారు?"

ఆవిడ దొంగతనం బయటపడ్డట్టు నవ్వింది. "కనిపెట్టేశావా? ఎప్పుడో అయిపోయాయి తల్లీ. హాల్లోకి వెళ్దామనే అనుకున్నా. నువ్వేమో అంత దీక్షగా తీస్తున్నావు. మధ్యలో వదిలేసి పోతే నీ పని చెడుతుందేమో అనుకున్నా. నన్ను ఎవరు ఫోటోలు తీశారు గనక, ఎప్పుడు ఆపాలో నాకేం తెలుసు? చాలు అంటావేమోనని చూశా. నువ్వు అనలేదు."

"వాడితో అనకు" అంది ఆవిడ మెల్లగా. "వాడు ఏమన్నాడో పక్కనున్నావిడ చెప్పిందిలే. విన్నట్టే."

విన్నట్టే. ఆ ఒక్క మాటకి పిల్లికి ఏడుపొచ్చింది. ఎదురుగా ఒక మనిషి తన కోసం పది నిమిషాలు నటిస్తుంటే, అదే అసలైన నిజం అని మురిసిపోతూ తీసింది. స్టూడియో యజమాని తొమ్మిదిసార్లు నవ్వించాడని ఇన్నేళ్ళూ తిట్టుకుంది. అతను కనీసం నోటితో అడిగి చేయించాడు. తను నోరు మూసుకునే ఒక తల్లికి కొడుకు పెళ్ళి దక్కకుండా చేసింది. ఆవిడ కోరుకున్నదల్లా వినడం ఒక్కటే.

ఇంకో అరగంటలో జంట ఊరెళ్ళే బస్సెక్కుతారు. పిల్లి కాలుకాలిన పిల్లిలా హాలంతా రెండుసార్లు తిరిగింది. తల్లి చెప్పొద్దంది. వాళ్ళు ఒక్కసారే అన్నారు. తను ఎన్నడూ అడగనని ఒట్టేసుకున్న మాట అది. మూడూ కలిసి కాళ్ళకి బంధం వేశాయి. చివరికి కెమెరా మెడలోంచి తీసి ఒక కుర్చీలో పెట్టి, జంట దగ్గరికి నడిచింది.

"మీరు ఇందాక చెప్పుకున్నది మళ్ళీ ఒక్కసారి చెప్పుకోవాలి" అంది.

పెళ్ళికూతురు తెల్లబోయింది. "మీరా అక్కా ఈ మాట అడుగుతోంది?"

"నేనే. ఫోటో కోసం కాదు." జరిగిందంతా చెప్పింది. నీలం గీత గ్లాసు సంగతి చెప్పింది. తప్పు తనదేనని చెప్పింది. చెప్పొద్దని ఆవిడ అన్న సంగతి కూడా దాచలేదు.

పెళ్ళికొడుకు మొహం వాడిపోయింది. "అమ్మ అక్కడే ఉందనుకున్నా" అన్నాడు. "చుట్టూ చూశాను కూడా. అందరూ ఉన్నట్టే అనిపించింది." తర్వాత భార్య వైపు చూశాడు. ఒక్కసారే అనే పట్టుదల మొదట్నుంచీ ఆమెది.

పెళ్ళికూతురు జడలోంచి పెన్సిలు తీసి, వేళ్ళ మధ్య తిప్పుతూ కాసేపు నేల చూసింది.

"అయితే ఇందాకటిది రిహార్సల్" అంది చివరికి. "పద."

ఇద్దరూ వంటగదిలోకి వెళ్ళారు. తల్లి అప్పటికే మళ్ళీ అక్కడికి చేరి సంచీలు సర్దుతోంది. పిల్లి బయటే ఉండిపోయి తలుపు దగ్గరికి వేసింది. మేనమామ ఎలా పసిగట్టాడో, ఫోను ముందే తెరిచి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పిల్లి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"మీరు లోపలికెళ్ళకూడదండీ."

"ఫోటోలు తీసేదానివి, నువ్వే బయట నిలబడ్డావేంటమ్మా?"

"ఇది వాళ్ళమ్మగారి కోసం."

మేనమామ మంచి మనిషి, ఫోను జేబులో పెట్టుకుని తనూ ఆమె పక్కన గోడకి ఆనుకుని, వచ్చినవాళ్ళని వచ్చినట్టు పంపించేశాడు. లోపల సంచీలు కింద పెట్టిన చప్పుడైంది. ముందు పెళ్ళికొడుకు గొంతు, తర్వాత పెళ్ళికూతురి గొంతు. మాటలు అందలేదు, పిల్లి వినడానికి ప్రయత్నించలేదు. ఆ తర్వాత ఇంకో గొంతు మొదలైంది, సన్నగా, ఆగి ఆగి, చాలాసేపు.

తలుపు తెరుచుకుంది. జంట ముందు వచ్చారు. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, పెళ్ళికూతురు ముక్కు చీదుకుంటోంది. ఆ వెనక తల్లి వచ్చింది. వాళ్ళతోపాటు వెళ్ళబోయి, పిల్లి దగ్గర ఆగింది.

"చెప్పేశావు కదూ?" అంది.

"చెప్పేశాను. కోప్పడండి."

"కోపమెందుకు?" అంది ఆవిడ. "మొత్తం విన్నాను. ఒక్క ముక్క పోకుండా విన్నాను." తర్వాత మేనమామకి వినబడకుండా పిల్లి చెవి దగ్గరకి వంగింది. "అక్కడ అంతమంది మధ్యలోనైతే నాకు నోరు పెగిలేది కాదు. ఇక్కడ మేం ముగ్గురమే కదా. వాళ్ళు చెప్పడం అయ్యాక నాకూ అనిపించింది. నేనూ వాళ్ళకి ఒక మాట ఇచ్చాను."

ఏం మాటో పిల్లి అడగలేదు. ఆవిడ హాల్లోకి నడిచి, కొడుకుకీ కోడలికీ మధ్య కుర్చీలో స్థిమితంగా కూర్చుంది.