ఒక్క సాలే గదా

తొలకరి వానలు కురిసి వెలిసిన మరునాడు, కూలి పనికి బయల్దేరిన రెజీనా దారిలోనే తిరుక్కుని ఉరుకుతూ ఇంటికొచ్చింది. విశ్వాసమ్మ గడప మీద కూర్చుని కొర్రలు చెరుగుతోంది.

“అత్తా, దున్నేసినారు. మనోని రాయి పెరికి గట్టున పారేసినారు.”

మనోడంటే రెజీనా మొగుడు ప్రభుదాసు, విశ్వాసమ్మకు ఒక్కగానొక్క కొడుకు. మూడేళ్ళ కిందట బనగానపల్లె దగ్గర నాపరాయి గనిలో బండ విరిగిపడి పోయాడు. తోటి పనివాళ్ళు అదే గనిలోని బండ మీద శిలువా, పేరూ చెక్కి, లారీలో తెచ్చి సమాధుల తోటలో పాతారు. తోట అని పేరే గాని అది నందికొట్కూరు దారి పక్కన అర ఎకరం నల్లరేగడి. పేటలో క్రైస్తవులు ఎవరు పోయినా అక్కడికే. దాని చుట్టూ మూడు వైపులా ఊరి మోతుబరి ఓబుళేశు పొలం.

విశ్వాసమ్మ చేట కింద పెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు. ఆమె తిట్టగా విన్నవాళ్ళు పేటలో లేరు.

ఆమెకు చదువు రాదు. చిన్నతనంలో, ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే ఒక బైబిలు స్త్రీ నోటి మాటగా నేర్పిన ధన్యతలే, ఎవరెవరు ధన్యులో కొండ మీద ఏసు చెప్పిన ఆ మాటలే, ఆమెకు చదువూ, చట్టమూ. కోపమొస్తే సాత్వికుల మాట, వాకిట్లో బిచ్చగాడు నిలబడితే కనికరం గలవాళ్ళ మాట, ఇరుగుపొరుగు కొట్టుకుంటే సమాధానపరిచేవాళ్ళ మాట పైకి చెప్పుకుని, ఆ ప్రకారమే చేసేది. పెద్ద ఈరన్న మేకలు ఆమె కంది చేనంతా మేస్తే, వాటికి దప్పికవుతుందని తొట్టిలో నీళ్ళు పోసి మరీ తోలింది. పేటంతా నవ్వింది. నవ్వినవాళ్ళే ఇంట్లో జబ్బు చేస్తే ప్రార్థనకు ఆమెను పిలిచారు.

ఓబుళేశు ట్రాక్టరు మొదటిసారి గట్టు తెగగొట్టి తోటలోకి ఒక దుక్కి సాలు జరిగినప్పుడు, పేట కుర్రాడు బసవన్న నలుగురిని వెంటేసుకుని గడ్డపారలతో బయల్దేరాడు. విశ్వాసమ్మ దారికి అడ్డం నిలబడింది.

“ఒక్క సాలే గదా నాయనా. మట్టి కోసరం మనిషిని కొడతారా? సాత్వికులదే భూలోకమని ప్రభువు సెప్పలేదా?”

వాళ్ళు ఆమె మొహం చూసి వెనక్కి పోయారు. పై ఏడు ఇంకో సాలు. ఆ పై ఏడు ఇంకొన్ని. అడిగే దిక్కులేని పాత సమాధులు ముందు పోయాయి. ప్రతిసారీ ఆమె అదే మాట చెప్పింది. ఓబుళేశుకు భయపడ్డ పేట పెద్దలంతా ఆమె చాటున నిలబడి, తమ పిరికితనానికి సాత్వికమని పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు చూస్తే తోట లేదు. ఎటు చూసినా ఒకే తీరు నల్లటి పెళ్ళలు. గట్టున ప్రభుదాసు రాయి బోర్లా పడి ఉంది. బసవన్న అప్పటికే అక్కడున్నాడు.

“ఏమవ్వా, భూలోకమంతా మనదేనంటివే. అందులో ఆరడుగులు యాడుండాదో సూపించు, మొక్కుకుంటా.”

“కొట్టప్పా నన్ను. మాటల్తో యాల?”

“నిన్ను కొడితే ఏమొస్తాది? ఆ పొద్దు నువ్వు అడ్డం రాకపోయింటే...” మిగతాది మింగేసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పాస్టరు దైవసహాయం అయ్యగారు పేట పెద్దలను గుడిలో కూర్చోబెట్టారు. ఓబుళేశు కబురు పంపాడు: గుట్ట కింద వేరే చోటు ఇస్తాడు, గుడికి ప్రహరీ కట్టిస్తాడు, తోట సంగతి మాత్రం తహసీల్దారు దాకా పోకూడదు. అందరూ సరేనన్నారు.

“నేను పోతానయ్యగారూ,” అంది విశ్వాసమ్మ. “కర్నూలు దాకా అయినా పోతా.”

“నువ్వా? సమాధానపరిచేవాళ్ళు ధన్యులని పిల్లలకు నేర్పించే విశ్వాసమ్మవేనా నువ్వు?”

“నీతి కోసరం ఆకలిగొన్నోళ్ళు గూడా ధన్యులేనని నేర్పించినా. నేర్పించి, దాన్ని మటుకు ఇన్నేళ్ళూ నేనే మింగేసినా.”

“గుట్ట కింద ఇస్తాండాడు గదమ్మా చోటు!”

“గుట్ట కింద నా కొడుకు లేడు గదయ్యా.”

ఆ సంఘానికో కట్టడి ఉంది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ఎవరితోనైనా తగువున్నవాళ్ళు సమాధానపడేదాకా రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదు. అయ్యగారు ఆ కట్టడి గుర్తుచేశారు.

“ఓబుళేశయ్యతో సమాధానపడు. లేదంటే ఆదివారం బల్లకు రావాకు.”

ఓబుళేశు ఏనాడూ గుడి మెట్టు ఎక్కినవాడు కాడు. అయినా బల్ల దగ్గర ఎవరు మోకరించాలో అతనే తేల్చాడు.

ప్రభుదాసును కన్న నెల తప్ప విశ్వాసమ్మ బల్ల తప్పింది లేదు. ఆదివారం ఎప్పటిలాగే పచ్చి మంచినీళ్ళయినా తాగకుండా, తెల్లచీర కట్టుకుని వచ్చి, కోడలి పక్కన మోకరించి చేయి చాచింది. అయ్యగారు రొట్టె పళ్ళెంతో వరసనే వస్తూ, ఆమె చేతిని దాటి రెజీనా చేతిలో ముక్క పెట్టారు. విశ్వాసమ్మ చాచిన చేతిని వెంటనే తీసుకోలేకపోయింది. వెనకెవరో దగ్గారు. అప్పుడు లేచింది. పాట సాగుతుండగా, అందరి మధ్యలోంచి నడిచి బయటికి వచ్చేసింది.

బయట ట్రాక్టరు చప్పుడు వినిపించింది. పేటంతా గుడిలో ఉండే పూట చూసుకునే ఓబుళేశు విత్తనం వేయిస్తున్నాడు.

బండి మీద ఉన్నది చిన్న ఈరన్న. పేటవాడే, ఆమె దగ్గర ధన్యతలు వల్లించి పెరిగినవాడే. పెళ్ళల్లో పడుతూ లేస్తూ వస్తున్న ముసలామెను చూసి కేకేశాడు.

“అవ్వా, అడ్డం రావాకు! నా పని పోతాది.”

“అడ్డం రానులేరా. నా బిడ్డ యాడుండాడో సెప్పు. ఆ కాడికి కూసుంటా. మిగిలింది ఇత్తుకో.”

చిన్న ఈరన్న ఇంజను ఆపి దిగాడు. రాయి పెరికింది అతనే. గట్టు నుంచి అంగలేసుకుంటూ వచ్చి ఒకచోట నిలబడ్డాడు.

“ఈడే.” కాలితో మట్టి కెలికాడు. తల అడ్డంగా ఊపి, పక్కకు జరిగాడు. “కాదు... ఆడనుకుంటా. అంతా సదునైపోయిందవ్వా.”

“పెరికినోనివి, నీకు తెలీదా?”

“సూడలే. మొగం తిప్పుకుని పెరికినా.”

విశ్వాసమ్మ కూలబడి, రెండు చేతులతో మట్టి తడుముతూ పాకింది. ఒక్కచోట కూడా నేల వేరుగా తగల్లేదు. దుఃఖపడేవాళ్ళు ఓదార్పు పొందుతారన్న మాట నాలుక దాకా వచ్చింది. పైకి రాలేదు. వచ్చింది వట్టి అరుపు. చిన్న ఈరన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

“అయితే యాడా ఇత్తొద్దు,” అంది చివరికి. “యాడా ఇత్తొద్దురా.” చేతులు రెండూ చాచి నేల మీద బోర్లా పడుకుంది.

రోడ్డు మీద ఓబుళేశు మోటారుసైకిలు చప్పుడు దగ్గరవుతోంది. “లెయ్యవ్వా, వస్తాండాడు, లెయ్యవ్వా,” అంటూ చిన్న ఈరన్న ఆమె భుజం పట్టి గుంజుతున్నాడు. గుడి వైపు నుంచి రెజీనా ఒక్కతే పరిగెత్తుకుంటూ వచ్చింది. రొట్టె ముక్క ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. ఆమె అత్తను లేపలేదు. చిన్న ఈరన్న మొదట చూపించిన చోటికి పోయి, మొగుడు అక్కడైనా ఉండొచ్చునని, తనూ నేల మీద కూర్చుంది.