తేలు కుట్టని చెయ్యి

కాటమయ్య మెడకు తాడు చుట్టి, చావడి గుంజకు కట్టి, పొద్దుగూకేదాకా నిలబెట్టారు. నిజాం రాజ్యం పోయిందని ఊరూరా జెండాలెగరేసిన మరుసటి ఏడే ఇది జరిగింది. కట్టినవాళ్లు రజాకార్లు కాదు, రజాకార్లను తరమడానికని వచ్చిన పటాలంవాళ్లు. కాటమయ్య పానగల్ పక్క ఊళ్లో మగ్గం నేసుకునే మనిషి. దొరల మీద లేచిన సంఘంలో తిరిగే తమ్ముడి కొడుకు బిక్షాన్ని ఎక్కడ దాచావని అడిగారు. మెడ ఒరుసుకుపోయినా అతను నోరు విప్పలేదు.

బిక్షం తండ్రి, తన తమ్ముడు పర్వతాలుకు కూడా చెప్పలేదు. "నీకు తెలిస్తే నీ మొఖం జూసే పసిగడ్తరు. పటాలం క్యాంపు లేసినంక చెప్త" అన్నాడు.

వారం తిరక్కముందే, మగ్గం గుంటలో కూర్చున్న కాటమయ్య కుడిచెయ్యి వాలిపోయి, పోగు నడిపే నాడె కిందపడింది. మూతి ఒక పక్కకు పోయింది. గుంటలో తేళ్లు చేరడం మామూలే గనక తేలే కుట్టిందనుకున్నారు. విషం తలకెక్కితే మాట పోతుంది. మాట పోతే బిక్షం జాడ పోతుంది. పర్వతాలు గంజి నూలు పేని మోచేతి పైన బిగించి కట్టాడు.

"జర వదులు చెయ్యి పర్వతాలూ, చెయ్యి నల్లవడ్తాంది" అంది వదిన నర్సింగమ్మ.

"విషమున్న చెయ్యి నల్లవడదా వదినా?"

కాటమయ్య దాహమై, నాడెలో పెట్టే నూలు కండె కావాలన్నాడు.

"ఇన్నేండ్లకు పని మీద ప్రేమ, పావురం పుట్టింది మీ అన్నకు! నీళ్లకు కండె అంటాండు" అని నవ్వబోయి ఏడ్చిందామె.

బండి కట్టి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు ముందు ఆ నూలు కోసేశాడు.

"తేలు కుట్టిన మచ్చ ఏది?"

ఎవరూ వెతకలేదు.

"తాడు ఒత్తుకొని మెడలోపలి రక్తనాళం చెడిపోయింది. మెదడుకు ఎడమ దిక్కు రక్తం అందలే. కుడిచెయ్యి, మాట, రెండూ దాని చేతిలోనే ఉంటయి. గుండెకైనా, కాలికైనా రక్తం అందకుంటే చెడిపోవుడే. మెదడు అసలే ఓర్వదు. మీరేమో ఈ చేతికి కూడా రక్తం ఆపిండ్రు."

"మాట మళ్ల వస్తదా సాబ్?"

"కొంత రావచ్చు. ఏది వస్తదో నేను చెప్పలేను."

పర్వతాలు అన్న తల దిక్కే చూశాడు. బిక్షం జాడ అన్న తలలో రక్తం అందిన చోట ఉందా, అందని చోట ఉందా? పటాలంవాళ్లు మెడకు కట్టిందీ, తాను చేతికి కట్టిందీ ఆ జాడ కోసమే. ఇక ఎవరిని తిట్టాలి?

తర్వాత కాటమయ్యకు కొన్ని మాటలొచ్చాయి. ఒకనాడు అచ్చంపేట అన్నాడు. పర్వతాలు అడవి అంచు గూడేలన్నీ తిరిగొచ్చాడు. ఇంకోనాడు మర్రిగూడ అన్నాడు. అక్కడా బిక్షం లేడు. మూడోసారి ఇంట్లో అటక చూపించాడు.

చివరిసారి పర్వతాలు అన్నను చూడబోయినప్పుడు, కాటమయ్య అతని మొఖంలోకి చాలాసేపు చూసి, ఎడమచేత్తో దగ్గరికి లాక్కున్నాడు. మాట ఎక్కడా తడబడలేదు.

"బిక్షం, ఎందుకొచ్చినవ్‌రా? జల్ది పో. క్యాంపు ఇంక లేవలే. నువ్వేడున్నవో మీ నాయినకు గూడ చెప్పలే."