గొట్టంలో వెలుగు

రెండు గొట్టాల తుపాకీని తుడవబోయే ముందు మా అత్తమ్మ దాన్ని కీలు దగ్గర మడిచి, తూటాలు లేవని కళ్లతో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే గొట్టాలు ఊడదీసేది.

"గొట్టంల ఎలుగు తప్ప ఏం ఉండొద్దు బిడ్డా" అనేది నాతో.

రజాకార్లను అణచడానికొచ్చిన యూనియన్ సైన్యం మా ఇంటి ముందు కార్ఖానా రోడ్డెక్కిన రోజు మా ఆయన ఉరికొచ్చాడు.

"అమ్మా, తుపాకి ఇయ్యి! ఖుషీల గాల్లకు పేలుస్త!"

అత్తమ్మ అప్పటికే దాన్ని విప్పి నూనెగుడ్డతో తుడుస్తోంది.

"పైకి పోయింది ఎవని నెత్తిమీద పడ్తదో! ఈల కొట్టు, పో!"

తుడిచిన గొట్టాలను అలవాటుగా రోడ్డు వైపు కిటికీకేసి ఎత్తి చూసి, కేక పెట్టింది.

"జల్ది రా బిడ్డా!"

ఏడాదిగా మా భయానికి కాపలా కాసిన ఆ గొట్టాల్లో లారీలు, పూలదండలు, మూడు రంగుల జెండా!

ఇద్దరం వంతులేసుకుని చూశాం.