బాతు పిల్లలకు తెల్లన్నం

ఆ రోజుల్లో మా అయిజ వైపు మెట్ట ఊళ్లలో పూటపూటా జొన్నరొట్టే. ఇంట్లో తెల్లన్నం ఉడికిందంటే చుట్టమో, పండుగో, జ్వరమో వచ్చిందని అర్థం. నాకు వచ్చింది జ్వరం. లేచాక బక్కచిక్కిపోయానని మా అవ్వ రోజూ నాకోసం గిన్నెడు అన్నం వండేది. (అప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో, అవ్వ లెక్క అడిగినప్పుడల్లా మారేది.) నాయన మొదటిసారి వడ్లను గద్వాల మరలో ఆడించి తెచ్చిన బియ్యం అది, మల్లెపూవంత తెలుపు. ఆ అన్నంలో ఒక్క మెతుకూ నా నోట్లోకి పోలేదు. అంతా నా బాతు పిల్లలకే.

ఆ బాతు గుడ్లను మా చిన్నమామ, అంటే అమ్మ తమ్ముడు, కృష్ణ ఒడ్డున ఎవరి దగ్గర్నుంచో తీసుకొచ్చి ఇచ్చాడు. పొదుగుతున్న కోడి కింద పెడితే ఐదు పిల్లలు లేచాయి. ప్రేమంటే తెల్లన్నమేనని నా నమ్మకం. అవి పురుగును ముక్కున పట్టుకుంటే లాగి పారేసేదాన్ని. ఇంత మంచి అన్నం పెడుతుంటే ఈ కక్కుర్తేమిటని నాకు కోపం. పెరట్లో అడ్డమైనవీ తింటాయని గంప కింద మూసిపెట్టేదాన్ని కూడా.

కొన్నాళ్లకు వాటి కాళ్లు వంకర తిరిగాయి. లేవబోయి కూలబడేవి. కోడి పిలుచుకుంటూ ముందు నడిచి వెనక్కి చూస్తే, దాని వెంట ఎవరూ ఉండేవారు కాదు. నాకు ఏడుపు ఆగలేదు.

"దిష్టి తగిలిందే," అంది అవ్వ. "తెల్లబువ్వ తినేటోళ్లకు తగలదా మరి?" ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేస్తే ఇంటిల్లిపాదీ దగ్గాం, బాతులు మాత్రం లేవలేదు.

అమ్మ తెగేసి చెప్పింది. "అమాస దాక సూస్త. లేవకుంటే మీ మామకే ఇచ్చేస్త. కూరొండుకుంటడో, ఒళ్లె కూసోబెట్టుకుంటడో ఆయనిష్టం."

పట్నంలో చదువుతున్న ఆ మామ సెలవులకు వచ్చాడు. బాతులను తిప్పి తిప్పి చూసి, "వీటికి విటమిన్ తక్కువైందే," అన్నాడు.

"గదేంది మామా?"

"కండ్లకు కనపడదు. నాకు గూడ మంచిగ తెల్వదు. సీసాలల్ల వస్తది."

గద్వాల పోయి చేపనూనె సీసా తెచ్చి అన్నంలో కలిపాడు. పిల్లలు మొహాలు తిప్పుకున్నాయి. సగం మామ అంగీ మీదే ఒలికింది. పక్కింటి పిల్లి బజారు దాకా మామ వెంటే నడిచింది. వాసన భరించలేక అమ్మ గంపతో సహా బాతులను బర్రెల కొట్టంలోకి తోసింది.

అక్కడ బర్రె తొట్టి చుట్టూ తడి తవుడు ఒలికి ఉంది. పిల్లలు దేకుతూ పోయి దాని మీద పడ్డాయి. "అమ్మా, నా బాతులు బర్రె ఎంగిలి తింటున్నయే!" అని నేను గగ్గోలు పెట్టినా ఎవరూ రాలేదు. రోజూ అదే తంతు. ఓ పొద్దున ఒకటి లేచింది, పడింది, మళ్లీ లేచింది. అమావాస్య లోపే ఐదూ నిలబడ్డాయి.

"సూసినవా, విటమిన్!" అన్నాడు మామ. "నా మిరపకాయలు," అంది అవ్వ. నా అన్నమేనని నా అభిప్రాయం. బర్రె ఏమీ అనలేదు. (కాళ్లకు కావలసింది తవుట్లోనే ఉంటుందని చాలా ఏళ్లకు తెలిసింది. మర దాన్ని మా బియ్యం మీద నుంచి తీసి బర్రెకు పెట్టిందన్నమాట.)

సరిగ్గా నడక రాగానే అవి చేసిన మొదటి పని, వరసగా బాయి కాలువలోకి దిగిపోవడం. గిన్నె పట్టుకుని పిలుస్తూ వెంట పరుగెత్తాను. ఒక్కటీ తిరిగి చూడలేదు. గట్టు మీద కోడీ నేనూ కలిసి ఏడ్చాం. నడిస్తే చాలని మొక్కుకున్నాను కానీ, ఎటు నడవాలో మొక్కుకోలేదు.

"కాళ్లొచ్చినంక కూసుంటయా బిడ్డా?" అంది అమ్మ నా తల నిమురుతూ. "పొద్దుగూకితే అవే వస్తయి, పరేషాన్ గాకు."

వచ్చాయి. గడపలో కూర్చున్న నన్ను దాటుకుని నేరుగా బర్రె దగ్గరికి పోయాయి. కడుపు నిండా సంతోషం, దానికి తోడు అంతే కోపం. చల్లారిపోయిన ఆ అన్నాన్ని మెతుకు మిగల్చకుండా నేనే తిన్నాను. ఎంత రుచిగా ఉందో! అన్నాళ్లూ ఆ అన్నం ముట్టని బక్కపిల్ల ఇప్పుడు కనబడితే, ముందు నవ్వుతాను, తర్వాత ఇంకో గిన్నెడు వండి పెడతాను.