బ్రేకు మాస్టారి కుడి కాలు

డ్రైవింగ్ స్కూలు కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చున్న మాస్టారి కాలి కింద. ఆ రెండో బ్రేకు మీద ఇరవై రెండేళ్లుగా కుడి కాలు పెట్టుకుని కూర్చున్న మనిషి ఈయన. అసలు పేరు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా వినబడదు, ఊరందరికీ బ్రేకు మాస్టారే. ఆ కాలు ఎంత చురుకైందంటే, కుక్క రోడ్డు దాటుదామా వద్దా అని ఆలోచిస్తూ ఉండగానే ఇక్కడ కారు ఆగిపోయేది. ఇంట్లో టీవీలో లారీ దూసుకొస్తే కాలు నేలను నొక్కేది. పొయ్యి మీద పాలు పొంగబోయినా అంతే. "పాలకి బ్రేకు వేసే మనిషిని కట్టుకున్నాను తల్లీ" అని భార్య పక్కింటివాళ్లకి చెప్పి నవ్వేది.

స్కూలు ఆవిడ సొంత అన్నయ్యది. బావాబావా అని ఒకరినొకరు పిలుచుకునేవాళ్లు ఇద్దరూ. మాస్టారు పనిచేసే రేడియో రిపేరు కొట్టు మూతపడ్డ ఏడాది, బావగారే కబురు పెట్టి ఈ పని ఇచ్చారు. ఉండడానికి స్కూలు పైనే రెండు గదులిచ్చారు. కింద ఆఫీసు, పైన కాపురం, మధ్యలో పద్నాలుగు మెట్లు. బావగారు చెడ్డవాడైనా బాగుండేది, ఒకరోజు గట్టిగా దెబ్బలాడి బయటపడేవారు. ఆయన మంచివాడు కావడమే వచ్చిన చిక్కు. జ్వరమొస్తే మందులు తనే తెచ్చేవారు, కొత్త చొక్కా తీసుకుంటే రెండు తీసుకునేవారు. పొద్దున ఆరున్నరకి కింద నుంచి ఆయన గొంతు, "బావా, క్లాసు వచ్చేసింది" అని. రాత్రి భోజనాల వేళకి మళ్లీ అదే గొంతు, "బావా, ఇవాళ్టికి చాల్లే" అని. మధ్యలో నూట ఇరవై కిలోమీటర్లు. అందులో ఒక్క మలుపు కూడా మాస్టారు తన చేత్తో తిప్పింది కాదు.

ఆఫీసు గుమ్మం మీద బోర్డు ఉండేది: "ఇరవై రెండేళ్లు. ఒక్క గీత పడలేదు." ఏడాది మారినప్పుడల్లా బావగారు నిచ్చెన వేసుకుని అంకె దిద్దేవారు. కింద నిలబడి నిచ్చెన పట్టుకునేది మాస్టారు.

మాస్టారి దగ్గర నేర్చుకుని నాలుగోసారికి గాని లైసెన్సు తెచ్చుకోలేకపోయిన హెల్మెట్ల కొట్టాయన ఒకడున్నాడు. రేసులు జరిగే ట్రాకు మీద మోటారుసైకిలు నడపడం నేర్పుతారని, కొత్తవాళ్లకి మూడు ఆదివారాలని చేరాడు. చేరిన వారానికే కొట్టులో స్టూలు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. చేరినట్టు ఇచ్చిన కాగితం చేతిలో పెట్టి, తన బదులు మాస్టారిని వెళ్లమన్నాడు. మీ పాత బండే చాలు, వేసుకోవడానికి తోలు సూటు నేనిస్తానన్నాడు. మాస్టారు వద్దన్నారు, అయినా ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని వారం తిరిగారు. చొక్కా ఉతకబోతూ భార్య చూసింది. ఆదివారాలే స్కూలుకి గిరాకీ, అన్నయ్య ఒప్పుకోడు. అబద్ధం ఆవిడే ఆలోచించింది. మోకాలి నొప్పికి ఎక్కడో డాక్టరున్నాడని, మూడు ఆదివారాలు వ్యాయామం చేయిస్తాడని అన్నయ్యకి చెప్పేసింది. అన్నయ్య కంగారుపడి మోకాలికి రాసుకోమని తైలం కూడా తెచ్చిచ్చారు.

మొదటి ఆదివారం సగం ఆ సూటుతోనే సరిపోయింది. మాస్టారి ఒంటికి అది రెండు సైజులు చిన్నది. ఇద్దరు పట్టుకుని జిప్పు లాగితే మెడ దాకా వచ్చింది. ఇక నడుము నిటారుగా లేవదు, ఊపిరి సగమే ఆడుతుంది. మళ్లీ విప్పాల్సి వస్తుందన్న భయంతో ఆయన పొద్దుట్నుంచి మంచినీళ్లు తాగలేదు. అక్కడివాళ్లు ఆయన బండి అద్దాలు రెండూ ఊడదీశారు, వెనక లైటు మీద టేపు వేశారు.

నేర్పేది ఒక అమ్మాయి. ఇరవై ఆరేళ్లుంటాయి, చెంప మీద చిన్న మచ్చ, అందరూ కోచమ్మ అనేవాళ్లు. "అంకుల్, ఇక్కడ వెనక్కి చూసే పని లేదు. వెనకవాడి సంగతి వెనకవాడు చూసుకుంటాడు" అంది. మలుపుకి ముందే, బండి తిన్నగా ఉండగానే, ముందు బ్రేకు రెండు వేళ్లతో నొక్కి వేగం తగ్గించుకోవాలి. తర్వాత బ్రేకు వదిలేసి, చూపు మలుపు అవతలికి విసిరి, బండిని వాలనివ్వాలి. వంగాక ఇంక బ్రేకు మాటెత్తకూడదు. చెప్పింది చిన్న పిల్లలకి కూడా అర్థమవుతుంది. మాస్టారికీ అర్థమైంది. అయినా ప్రతి మలుపులోనూ బండి ఎవరో వెనక తాడు కట్టి లాగినట్టు మొరాయించేది. అందరూ ఆయన్ని దాటి వెళ్లిపోయారు, గుండ్రటి పొట్టతో ఉన్న పళ్ల డాక్టరుతో సహా.

ఆగాక కోచమ్మ వెనక చక్రం దగ్గర కూర్చుని, బ్రేకు పళ్లెం మీద సీసాలోంచి కాసిని నీళ్లు చిలకరించింది. చుయ్యిమంది.

"దీని మీద అట్టేసుకోవచ్చు అంకుల్. వెనక బ్రేకు ఎందుకు తొక్కుతున్నారు?"

తొక్కలేదని మాస్టారు ఒట్టేశారు. అబద్ధమాడలేదు పాపం, ఆయనకి నిజంగానే తెలీదు. కోచమ్మ వాదించలేదు. సుద్దముక్క తెచ్చి వెనక బ్రేకు పెడలు మీద తెల్లగా రుద్దింది, వెళ్లి రమ్మంది. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి బూటు ఎత్తి చూపిస్తే అడుగు భాగం పిండి తొక్కినట్టుంది.

రెండో ఆదివారం కూడా అంతే. కాలు వెనక్కి జరిపి, ముని వేళ్ల మీద ఆనించి, తొక్కనని గట్టిగా అనుకుని బయల్దేరేవారు. మలుపు రాగానే కాలు తన పని తాను చూసుకునేది. వచ్చి బూటు ఎత్తి చూపించడం ఆయనకి హోంవర్కు చెయ్యని పిల్లాడి పనిలా అనిపించింది. కానీ ఆ రోజు మధ్యాహ్నం ఒకటి జరిగింది. క్లచ్చు వదలడానికి భయపడి ఏడుపు మొహంతో నిలబడ్డ ఒకావిడని పక్కకి పిలిచి, తలుపు చప్పుడు కాకుండా వేసినట్టు వదలమ్మా అని చెప్పి, పది నిమిషాల్లో బండి కదిలించేశారు. కోచమ్మ దూరం నుంచి చూస్తూనే ఉంది.

భోజనాల దగ్గర పక్కన కూర్చుని విషయం చెప్పింది. అసలు బండి ముట్టనివాళ్లకి పక్క మైదానంలో నేర్పడానికి మనిషి కావాలట. వారమంతా పని, ఉండడానికి ట్రాకు వెనకాల ఇల్లుంది. అయితే ఇక్కడ ఎవరు నేర్పాలన్నా ముందు కొత్తవాళ్ల గుంపు దాటి రెండో గుంపులోకి వెళ్లి ఉండాలి, అది ఆవిడ చేతిలో లేని రూలు. వచ్చే ఆదివారమే ఆఖరు. తర్వాత రోడ్డు కొత్తగా వెయ్యడానికి ట్రాకు నాలుగు నెలలు మూసేస్తారు.

"ఒక్కసారి బూటుకి సుద్ద అంటకుండా రండి అంకుల్, మిగతాది నేను చూసుకుంటా" అంది.

మాస్టారు ఇంటికొచ్చి భార్యకి చెప్పారు. ఆ ఇంటికి మెట్లున్నాయా అని ఆవిడ అడిగింది. లేవన్నారు.

ఆ వారం ఆయన కాలికి పాఠాలు చెప్పారు. పాలు పొంగుతుంటే నిలబడి చూశారు, కాలు కదపలేదు. బూటులో వేళ్లు పైకి ముడుచుకుని ఉంచడం అలవాటు చేసుకున్నారు. గురువారానికి కాలు కొంచెం మాట వింది. ఎక్కడ వినకూడదో అక్కడ వింది.

ఆ ఉదయం స్టీరింగు దగ్గరున్నది కుట్టు నేర్పే టీచరమ్మ. నలభై క్లాసులైనా ఆవిడకి ఒకటే జబ్బు, కాలు కుట్టుమిషను మీద ఉన్నట్టే ఆడించేది, కారు ఊగిసలాడుతూ పోయేది. సందు చివర ఇనప గేటు కనబడింది. కారు ఆగలేదు. మాస్టారి వేళ్లు బూటులో పైకే ఉన్నాయి. ఒక్క రెప్పపాటు, అంతే. గేటుకి బంపరు రాసుకుంటూ కారు ఆగింది. ఆపింది ఆయన కాదు.

"నేనే ఆపాను మాస్టారూ" అంది టీచరమ్మ. ఆవిడ మొహం చూస్తే పదో తరగతి పాసైనట్టుంది. మాస్టారి వీపు మీద మాత్రం చొక్కా తడిసిపోయింది.

బావగారు బంపరు మీద గీతని బొటనవేలితో రుద్ది చూశారు. లోపలికెళ్లి నిచ్చెన తెచ్చారు, బోర్డు దించారు. మాస్టారే కింద నిచ్చెన పట్టుకున్నారు.

"మోకాలు ఇంకా తగ్గలేదన్నమాట బావా" అన్నారు దిగి. "ఆ డాక్టరెవడో నిన్ను పాడుచేస్తున్నాడు, ఇంక వెళ్లకు. నీకేమన్నా అయితే నా చెల్లెలు ఏమైపోవాలి?"

తిడితే బాగుండేది. చెయ్యి భుజం మీద వేసి అడిగారు. ఆ చెయ్యి కింద మాస్టారికి తోలు సూటు జిప్పు మెడ దాకా లాగినట్టే ఉంది. ఇదే ఆఖరి వారమని, మధ్యలో మానేస్తే నొప్పి మొదటికొస్తుందని భార్య అన్నయ్యని ఎలాగో ఒప్పించింది.

మూడో ఆదివారం పొద్దున రెండుసార్లు వెళ్లొచ్చినా బూటు తెల్లగానే వచ్చింది. సాయంత్రం ఆఖరి విడతకి కోచమ్మ సుద్ద కొత్తగా రుద్దింది. మాస్టారు వెళ్లారు. మొదటి మలుపు, వేగం ముందే తగ్గించి, చూపు అవతలికి. బండి వాలింది, మొరాయించలేదు. వెన్నలో కత్తి దిగినట్టు దిగి, బయటికొచ్చింది. రెండో మలుపు కూడా అంతే. ఆ ఐదు చుట్లు ఆ మనిషి ఎంత హాయిగా ఉన్నాడో చెప్పడం కష్టం. సూటు బిగుతు కూడా మర్చిపోయారు. పళ్ల డాక్టరుని దాటారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ప్రతి మలుపూ ఆయనదే.

ఆరో చుట్టు, ఆఖరి మలుపు. దూరంగా ముందు పసుపు హెల్మెట్టు పెట్టుకున్న విద్యార్థి ఒకడు తొందరపడి ముందే వాల్చేశాడు. బండి తూలి, చక్రం గడ్డి మీదకి వెళ్లి, వాడే సర్దుకుని మళ్లీ రోడ్డెక్కాడు. అంతలో మాస్టారి కాలు నొక్కేసింది. ఈసారి ఆయనకి తెలిసింది. తొక్కుతుండగానే తెలిసింది.

కోచమ్మ అడక్కముందే బూటు ఎత్తి చూపించారు. వేళ్ల దగ్గర ఒక్క తెల్ల మరక.

"ఎవరి కోసం తొక్కారు?"

"ఆ పసుపు హెల్మెట్టు కుర్రాడి కోసం."

"ఎంత దూరంలో ఉన్నాడు?"

"వంద గజాలుంటుందమ్మా."

"మీరు తొక్కితే వాడి బండి ఆగుతుందా మాస్టారూ?"

అంకుల్ అనడం మానేసి మాస్టారూ అనడం అదే మొదలు. ఆయన బూటు దించారు. నాలుగు నెలల తర్వాత తెరిచినప్పుడు రమ్మంది, అయితే ఆ చోటు అప్పటిదాకా ఖాళీగా ఉంచగలనని మాటివ్వలేనంది. సూటు విప్పడానికి ఇద్దరు లాగారు. వచ్చేస్తుంటే మిగిలిన సుద్దముక్క ఆయన చేతిలో పెట్టింది.

సోమవారం ఆరున్నరకి కింద నుంచి గొంతు వినబడింది. మాస్టారు దిగి పక్క సీట్లో కూర్చున్నారు. కారు కదలకముందే వంగి, రెండో బ్రేకు మీద సుద్ద రుద్దారు. ఇదేంటని టీచరమ్మ అడిగితే, నిజంగా అవసరమైనప్పుడే తొక్కుతానని, ఎన్నిసార్లు అనవసరంగా తొక్కానో ఇది చెబుతుందని అన్నారు. ప్రతి క్లాసుకీ కొత్తగా రుద్దేవారు. కాలు మాత్రం పెడలు పక్కనే, అందేంత దగ్గరలో ఉండేది. ఇక్కడ రోడ్డు మీద గేట్లున్నాయి, మనుషులున్నారు.

బోర్డు మళ్లీ ఎక్కింది, అంకె లేకుండా. మెట్ల మీద తెల్ల అడుగులు ఎవరివని బావగారు రెండుసార్లు అడిగి, తనే తడిగుడ్డతో తుడిచారు.

పదిహేనో రోజు రాత్రి భార్య చీపురు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. "మొదటి రోజు సుద్ద పద్నాలుగో మెట్టు దాకా వచ్చింది. ఇవాళ ఆరో మెట్టు దగ్గరే అయిపోయింది" అంది, కూర సరిపోలేదన్నంత మామూలుగా.

మాస్టారు వంగి చూశారు. ఆరే. ట్రాకు తెరవడానికి ఇంకా మూడున్నర నెలలుంది.

తెల్లారి కిందనుంచి గొంతు వినబడింది. "బావా, క్లాసు వచ్చేసింది." మాస్టారు కిటికీ గూట్లోంచి సుద్దముక్క తీసి జేబులో వేసుకుని, పద్నాలుగు మెట్లూ దిగారు.