మంజీర పుట్టిన చోటికి కట్టిన జీపు

పోయిన వారం వర్ని వైపు నుంచి ఒక కుర్ర జంట కొత్త జీపు ఒకటి తెచ్చి మా వెల్డింగు షెడ్డు ముందు ఆపారు. బాన్సువాడలో బోధన్ రోడ్డు మీద ఉన్న ఆ షెడ్డును ఇప్పుడు మా అల్లుడే చూసుకుంటున్నాడు. నేను పొద్దున్నే వెళ్ళి ఒక పక్కన కూర్చుని, ఎవరూ అడగని సలహాలు చెబుతూ కాలక్షేపం చేస్తుంటాను. వాళ్ళకు కావలసింది వెనక తలుపుకు ఒక మడత బల్ల, పైన గుడారం బిగించుకోవడానికి ఒక చట్రం. ఇద్దరూ ఆఫీసు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళట, సెలవులు కలిసొస్తే గోవా దాకా పోయి, దారిలో ఎక్కడ పొద్దు గూకితే అక్కడే పడుకుంటారట. అల్లుడు కొలతలు తీసుకుంటూ, ఇనుము వద్దు మామా, బరువైపోతుంది, అల్యూమినియం వేద్దాం అన్నాడు. నేను తల ఊపాను గాని ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఎందుకని మా అమ్మాయి అడగలేదు, ఆమెకు తెలుసు. మీకు తెలియదు కనుక చెబుతాను.

పాతికేళ్ళ కిందట ఆ షెడ్డు నాది, ట్రాక్టర్ ట్రాలీలు కట్టడం నా పని. నిజాంసాగర్ కాలువల కింద వడ్లు మోసే ట్రాలీల్లో సగం నా చేతి మీదుగా పోయినవేనని అప్పట్లో చెప్పుకునేవాణ్ణి, కొంచెం ఎక్కువే చెప్పుకునేవాణ్ణి. నా ట్రాలీ విరగదని పేరు. ఒక పట్టీ చాలన్న చోట రెండు, రెండు చాలన్న చోట మూడు వేయడమే నా విద్యంతా. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కాలువ నీళ్ళ ఊళ్ళల్లో మనుషుల తీరిక కూడా నీళ్ళను బట్టే ఉండేది. నాట్లకు ముందు బురదలో తిరిగే ఇనుప చక్రాల రిపేర్లు, కోతలకు ముందు ట్రాలీల రిపేర్లు, ఈ రెండింటికీ నడుమ, పొలాలు పచ్చబడ్డాక ఒక నెలన్నర మాత్రం వెల్డింగు మిషను చల్లగా ఉండేది. మేము ఎక్కడికైనా పోవాలంటే ఏడాది మొత్తానికి అదే సందు.

నా భార్యది డోంగ్లి దగ్గర మంజీర ఒడ్డు ఊరు. అవతలి గట్టున మహారాష్ట్ర, వాళ్ళింట్లో తెలుగులో మొదలైన తగువు మరాఠీలో ముగిసేది. ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాయన ఏటా ఒకసారి బండి కట్టి, బియ్యమూ పప్పూ పొయ్యికట్టెలూ వేసుకుని, పిల్లలందరినీ ఎక్కించుకుని ఏటి వెంట రెండు మూడు రోజులు ఎగువకు తీసుకుపోయేవాడట. జాతర కాదు, మొక్కూ కాదు, ఊరికే. ఎద్దులు అలిసిన చోట మూడు రాళ్ళ పొయ్యి, బండి కింద పడక. ఈ ఏరు పుట్టిన చోటు చూపిస్తానని ఆయన ఆమెకు మాట ఇచ్చి, తీర్చకుండానే కాలం చేశాడు. పెళ్ళయి వచ్చాక ఆమె నన్ను గట్టిగా అడిగింది అదొక్కటే. బస్సులో కాదు, లాడ్జీలు వద్దు, మన పొయ్యి మనం పట్టుకుని, ఇంటిల్లిపాదీ కలిసి మంజీర పుట్టిన చోటు చూసి రావాలి. మహారాష్ట్రలో బీడు జిల్లా వైపు గుట్టల్లో పుడుతుందని షెడ్డుకు వచ్చే లారీ డ్రైవర్లను అడిగి ఆమే కనుక్కుంది.

అందుకని సర్కారు వేలంలో పోయిన పాత జీపు ఒకదాన్ని నేను కొన్నాను. గుట్టలైనా వాగులైనా నాలుగు చక్రాలూ పట్టుకుని ఎక్కే రకం, కాకపోతే వెనక నలుగురు కూర్చోవడమే ఇరుకు. దాని వెనక భాగాన్ని మూరెడు పొడిగించాను. రెండు పక్కలా పరిచేందుకు చెక్క పడకలు, వాటి కింద గిన్నెలకూ బియ్యానికీ పెట్టెలు, పైన సామాను చట్రం, దాని మీద నల్లా బిగించిన నీళ్ళ ట్యాంకు పెట్టాను. వెనక తలుపు కిందికి పడేస్తే వంట గట్టు అయ్యేది, దాని మీద పంపు స్టవ్వు కదలకుండా నాలుగు కొక్కేలు పెట్టాను. పక్కకు తాడిపత్రి లాగి రెండు వెదురు బొంగుల మీద నిలబెడితే వరండా. ఇప్పుడు ఇవన్నీ డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారు గాని, అప్పుడు మా బజారులో ఇలాంటి బండి ఎవరూ చూసి ఉండలేదు. పనిలో పడితే నాకు ఆకలి గుర్తుండేది కాదు. నా భార్య టీ తెచ్చి పక్కన నిలబడి, గట్టు తన నడుముకు సరిపోయే ఎత్తులో ఉందో లేదో చూసుకునేది. అంతా ట్రాలీకి వాడే ఇనుమే, ట్రాలీకి వేసే పట్టీలే. ఆమె ఒక రోజు ఆ చట్రాన్ని తట్టి చూసి నవ్వింది.

"గింత ఇనుమెందుకయ్యా? మనం పోతున్నమా, వడ్లు దోలుకపోతున్నమా?"

ఆ మాట నేను వినిపించుకోలేదు, విరగదు చూడు అని మాత్రం గొప్పగా అన్నాను.

మొదట నిజాంసాగర్ కట్ట దాకా పోయి ఒక రాత్రి ఉండి వచ్చాం. నేనూ, నా భార్యా, పదేళ్ళ మా అమ్మాయీ, మా అవ్వా, అంటే నన్ను కన్న తల్లీ. అవ్వ ఆ ఇనుప డబ్బాలో పడుకోనని మొండికేసి, తాడిపత్రి కింద చాప వేసుకుని, తెల్లారాక అందరికంటే బాగా నిద్రపోయింది తానేనని మమ్మల్ని ఎగతాళి చేసింది. నా భార్య జీపు వంట గట్టు మీద జొన్నరొట్టెలు చేసి, వంకాయ కాల్చి పచ్చడి నూరింది. గేట్ల దగ్గర మంజీర నీళ్ళ వైపు తిరిగి నిలబడి, వీటి వెనకాలే పోదాం అన్నట్టు ఎగువకు చూసేది. అంత సంతోషంగా ఆమెను నేను పెళ్ళిలో కూడా చూడలేదు. మా కాపురంలో పూర్తిగా నెరవేరిన ప్రయాణం అదొక్కటే.

ఆ ఏడే నాలుగు రోజుల తర్వాత మంజీర పుట్టిన చోటికని బయలుదేరాం. బీదరు దాటాక ఒక గుంటలో పడగానే వెనక స్ప్రింగులా బరువు మోసే కమాను పట్టీ ఫట్‌మని విరిగింది. ట్రాలీ బరువు జీపు మీద పెడితే మరేమవుతుంది. అక్కడే ఏదో అతుకు వేయించుకుని, తల దించుకుని ఇంటికి తిరిగి వచ్చాం. తెలివైనవాడైతే బరువు తీసేసేవాడు. నేను ట్రాలీలు కట్టేవాణ్ణి కదా, కమాన్లకు రెండు వైపులా రెండేసి పట్టీలు ఎక్కించాను. మరుసటి ఏడు నాట్లు కాగానే మళ్ళీ బయలుదేరితే జీపు చెక్కుచెదరలేదు గాని, బీదరు కూడా చేరకముందే నా భార్య నడుము పట్టుకుని, నొప్పి ఆగడం లేదని ఆపమంది. పడకను పరిచి పడుకోబెట్టినా తగ్గలేదు. మళ్ళీ వెనక్కే తిరిగాం. దారి పొడుగునా ఆమె నాకు క్షమాపణ చెబుతున్నట్టు మాట్లాడింది, నేను నా కమాన్లను తిట్టుకుంటూ నడిపాను.

నా తప్పు ఇక్కడే ఉంది. పట్టీలు ఎక్కువై బండి బిగుసుకుపోయిందని, ఆ కుదుపుకే ఆమెకు నడుము నొస్తోందని నాకు రవ్వంత అనుమానం కూడా లేకుండా అర్థమైపోయింది. ఆ ఏడాదంతా ఆమె నడుము కోసం నేను జీపుకు వైద్యం చేశాను. ఒక పట్టీ తీసేసి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని కోటగిరి దాకా పోయి వచ్చేవాణ్ణి. ఎట్లుందని అడిగితే, ఈసారి నయమే, మెత్తగుంది అనేది. ఆ మాటతో నా గుండె నిండేది. పది రోజులకు మళ్ళీ నొస్తోందంటే షాకబ్జర్లు మార్చాను. సీటు కింద దళసరి స్పాంజి వేశాను, చక్రాల్లో గాలి తగ్గించాను, నీళ్ళ ట్యాంకు దించేశాను, చివరికి అంత మోజుగా కట్టిన పైచట్రాన్ని కూడా కోసేశాను. ప్రతిసారీ ఆమె ఎక్కి కూర్చునేది, ప్రతిసారీ నయమనే చెప్పేది. ఆమె చిక్కిపోతోందని మా అవ్వ రెండు మూడుసార్లు అంటే, ప్రయాణం మీద బెంగ పెట్టుకుందిలే, ఒకసారి పోయి వస్తే సర్దుకుంటుందని నేనే కొట్టిపారేశాను.

మూడో ఏడు నాట్లు ఇంకా సగంలో ఉండగా ఒక పొద్దున పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి లేవలేకపోయింది. నిజామాబాదులో చూపిస్తే హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. అక్కడి పెద్ద దవాఖానలో డాక్టరు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని నొప్పి ఎప్పటి నుంచి అని అడిగితే, ఆమె నోరు తెరిచే లోపే నేను అందుకున్నాను.

"కమాన్లకు కొత్త పట్టీలు ఎక్కించినప్పటి సంది సార్."

ఆయనకు అర్థం కాలేదు. నేను జీపు కథంతా, ఏ నెలలో ఏది మార్చానో, ఏది మార్చాక ఎన్ని రోజులు నయంగా ఉందో తప్పు పోకుండా చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి చివరిదాకా విని, నా వైపు చూడకుండా ఆమెనే అడిగారు, ఇంట్లో ఉన్నప్పుడు నొప్పి ఉండదా అమ్మా అని. ఆమె నేల చూపులు చూస్తూ అన్నది.

"ఉంటుండె సార్. ఇంట్ల గూడ ఉంటుండె."

వెన్నులో పుట్టిన జబ్బు కాదట, ఎక్కడో పుట్టి వెన్నుపూసకు పాకిందట. ఒక ఏడాది ముందు వస్తే ఏదైనా చేసేవాళ్ళమని ఆయన మెల్లగా చెప్పారు. ఆ ఏడాది ఏం చేశానో అప్పుడే నా నోటితో నేనే వివరంగా చెప్పి ఉన్నాను. ఇక ముందు వెన్నుకు కుదుపు తగలకూడదని, రోడ్డు ప్రయాణాలు వద్దని కూడా అన్నారు. ఆమె కోసం కట్టిన బండిలో ఆమె ఒక్కతే ఎక్కకూడని మనిషి అయింది.

వార్డులో ఆమె మంచం పక్కన కూర్చుని, ఎందుకు చెప్పలేదని కోపంగానే అడిగాను. నా మీద నాకున్న కోపం ఆమె మీద చూపించాను, అదీ చెప్పుకోవాలి. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి, తప్పు చేసిన పిల్లలాగా చెప్పింది.

"దవాఖాన అంటె జీపు అమ్ముతవు, ఇగ పోవుడు ఉండదనుకున్న. ఒక్కసారి పోయొచ్చినంక చెప్దామనుకున్న. నువ్వేమో గా జీపు కింద దూరి నా కోసమే చేస్తుంటివి. గది జూస్తె చెప్పబుద్ధి కాకపోతుండె."

వరి పాలు పోసుకునే రోజుల్లో ఆమె పోయింది. అప్పుడు నాకు పనేమీ లేని కాలమే. కర్మకాండలు ముగిసిన మరునాడు జీపును షెడ్డు వెనక్కి తీసుకుపోయి గ్యాసు కట్టరుతో నేనే ముక్కలు చేశాను. ఎవరికైనా అమ్మవచ్చు కదా అన్నవాళ్ళున్నారు. ఇంకొకరి ఇల్లాలు అందులో కూర్చుని మెత్తగుందని అంటుందేమోనని నేను కట్టరు ఆపలేదు. దాని ఇనుమంతా ఆ ఏటి కోతలకు ముందు వచ్చిన ట్రాలీల్లోనే పోయింది. మంజీర పుట్టిన చోటు నేను ఇప్పటికీ చూడలేదు. మా అమ్మాయి రెండుసార్లు తీసుకుపోతానంది, నేనే వద్దన్నాను.

ఇప్పుడు బీదరు దాకా నున్నటి రోడ్డు పడింది, బండ్లలో కుదుపే తెలియదు. దానికంటే పెద్ద మార్పు మా ఇంట్లోనే చూస్తున్నాను. అమ్మాయికి తలనొప్పి వస్తే అల్లుడు ఎప్పటి నుంచి, ఎక్కడ అని నాలుగుసార్లు అడిగి విసిగిస్తాడు, తగ్గకపోతే షట్టరు దించేసి దవాఖానకు తీసుకుపోతాడు, ఆమె కూడా నొప్పిని నొప్పి అనే చెబుతుంది. మా కాలంలో మాకు ఆ అడగడం రాలేదు, మా ఇల్లాళ్ళకు ఆ చెప్పడం రాలేదు. మనకు చేతనైన పని ఏదో, తప్పు అందులోనే ఉందని అనుకున్నాం. రోడ్డు మీద పోయే ట్రాక్టరు చప్పుడు విని, దాని ఏ చక్రంలో బేరింగు అరిగిందో ఈ వయసులో కూడా నేను చూడకుండానే చెప్పగలను. కోటగిరి దారి పొడుగునా నా భార్య నా పక్కనే పళ్ళ బిగువున నొప్పి ఆపుకుంటూ కూర్చుని వస్తే, నాకు కమాన్ల చప్పుడు ఒక్కటే వినిపించింది.