ఎర్ర కట్టె పెట్టె

“ఇల్లంత పొట్టు చేసినవ్. ఆరేసిన నా తెల్ల చీర చూడు, ఎర్ర జాజు సల్లినట్టు అయింది. ఒక డబ్బా కోసం ఇంత ఆగమా?”

“డబ్బా కాదు నానమ్మా, గిఫ్ట్ బాక్స్. చీర నేను ఉతుకుత అంటున్న కదా.”

“ఉతికితే పోతదా ఇది? అయినా దోస్తు పెండ్లికి ఖాళీ డబ్బా ఇస్తరా ఎవలన్న? ఆ పైసలకు మంచి స్టీలు గిన్నెలొస్తుండె.”

“స్టీలు గిన్నెలు ఎవరు తీసుకుంటరు ఇప్పుడు? ఇది ఆఫ్రికా కట్టె. ఉప్పల్ టింబర్ డిపోలన్నీ తిరిగితే ఈ ముక్క దొరికింది. నీకేం తెలుసు దీని గురించి?”

“నాకు తెలువదా? తీస్కపోయి పొయిల వెట్టు దాన్ని.”

నిన్న సాయంత్రం ఆ మాట అన్నది నేనే. మా మనవరాలి స్నేహితురాళ్లు ఇద్దరు సోఫాలో కూర్చుని ఉన్నారు. ఆ పెట్టె చూడటానికే వచ్చారు పాపం. ఒకమ్మాయి ఫోన్ తీసింది. ఇంకొకమ్మాయి చాయ్ కప్పులోకి చూస్తూ కూర్చుంది. నా మనవరాలు తల వంచుకుని, చేతిలో ఉన్న పెట్టె మూతను బొటనవేలితో రుద్దుతూ నిలబడింది.

మా ఇంట్లో కట్టెల పొయ్యి లేదు. గ్యాస్ స్టవ్ వచ్చి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. అయినా నా నోట పొయ్యి అనే వచ్చింది. ఎందుకంటే ఆ మాట నాది కాదు, మా అమ్మది. అట్లా తల వంచుకుని మూత రుద్దుతూ నిలబడిన మనిషిని కూడా నేను ఇంతకు ముందు ఒకసారి చూశాను. రాత్రంతా ఆ మనిషే కళ్లలో మెదిలాడు.

అప్పటికి నాదింకా లంగా జాకెట్ తొడుక్కుని వీధుల్లో తిరిగే వయసు. మేము నాచారంలో వరసగా కట్టిన చిన్న ఇళ్లలో ఉండేవాళ్లం. ఒకవైపు పాత ఊరు, ఇంకోవైపు కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీల గోడలు, మధ్యలో జొన్న చేలు. మా తాతయ్య, అంటే మా అమ్మ తండ్రి, మా ఇంట్లోనే ఉండేవాడు. ఊళ్లో పేరున్న వడ్రంగి. కట్టెను వాసన చూసి ఏ చెట్టుదో చెప్పేవాడు. కళ్లు మసకబారి పని పోయాక, అమ్మమ్మ కూడా పోయాక, వేరే దిక్కు లేక బిడ్డ ఇంటికి వచ్చాడు. అల్లుడి సంపాదన తింటున్నానని ఆయనకు చాలా నామోషీగా ఉండేది. అన్నం దగ్గర రెండోసారి ఎప్పుడూ అడిగేవాడు కాదు. పెట్టినంత తిని చెయ్యి కడుక్కునేవాడు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. రోజూ మధ్యాహ్నం ఇంత మజ్జిగ తెచ్చి, “తాతా, ఇది మిగిలింది. నువ్వు తాగకుంటే పారబొయ్యాలె” అనేది. అది మిగిలిన మజ్జిగ కాదని నాకు తెలుసు. తాతయ్యకూ తెలుసు. అయినా అక్క అట్లా అనడం వల్ల ఆయన దాన్ని పుచ్చుకోగలిగేవాడు.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీలకు యంత్రాలు పరాయి దేశాల నుంచి ఓడల్లో వచ్చేవట. యంత్రాన్ని దించాక దాని కింద ఎత్తు కోసం వేసిన మొద్దులను గేటు బయట పడేసేవాళ్లు. చుట్టుపక్కల ఆడవాళ్లందరూ వాటిని పొయ్యిలోకి తెచ్చుకునేవాళ్లు. కట్టెలు కొనే ఖర్చు తప్పుతుందని మా అమ్మ నన్నూ తాతయ్యనూ పంపేది. అట్లా తెచ్చిన ఒక మొద్దు మీద తాతయ్య గొడ్డలితో ఒక దెబ్బ వేసి ఆగిపోయాడు. పైన నల్లగా మట్టికొట్టుకుపోయిన ఆ మొద్దు లోపల కుంకుమలా ఎర్రగా ఉంది. వాసన చూశాడు. నాలుకతో తాకి చూశాడు. తనకు తెలిసిన చెట్లన్నీ మనసులో తిరగేసుకుని, “ఇది మన దిక్కుది కాదు” అన్నాడు. ఆయనకు పేరు తెలియని కట్టెను నేను చూడటం అదే మొదటిసారి.

“పొయిల వెట్టుమని తెస్తే పక్కకు వెట్టుకుంటవేంది నాయినా?” అని మా అమ్మ కసిరింది.

“కాల్చబుద్ధి అయితలేదు బిడ్డా. పక్కింటి పిల్లకు పెండ్లి కుదిరింది గద. నా చేతితోని ఒక పెట్టె చేసిస్త.”

ఆయన దగ్గర ఇవ్వడానికి వేరే ఏమీ లేదు. అది మా అమ్మకూ తెలుసు కాబట్టి గొణుక్కుంటూ ఊరుకుంది.

ఆ పెట్టె చేసినన్నాళ్లూ ఆయన మళ్లీ మునుపటి మనిషి అయ్యాడు. కళ్లు సరిగ్గా కనబడవు కనుక వేళ్లతో తడుముతూ చేసేవాడు. చిత్రిక పట్టాక చెక్కను ఎండకేసి పట్టుకుని, “వంకర ఉన్నదా చూడవే” అని నన్ను అడిగేవాడు. మూలల్లో మేకు అన్నది లేదు. రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు చెక్కలను దూర్చి బిగించాడు. ఇంకో మొద్దులో దొరికిన చిక్కటి నల్ల కట్టెతో మూత చేశాడు. ఎర్ర పెట్టె, నల్ల మూత. వీధిలో వాళ్లు పనిగట్టుకుని వచ్చి చూసి పోయేవాళ్లు. తాతయ్య అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

ఆ ఎర్ర పొట్టు నా లంగాకు అంటుకుంటే ఎంత ఉతికినా పోలేదు. మా అమ్మ నన్ను తిట్టింది కానీ, అది ఎందుకు పోలేదని ఎవరమూ ఆలోచించలేదు.

పెట్టె అయ్యాక తాతయ్య, “లోపల బయట వార్నిష్ వెయ్యాలె బిడ్డా. చిన్న డబ్బా చాలు” అన్నాడు.

“దానికి గూడ పైసలు వెట్టాల్నా? కొబ్బరినూనె రుద్దు. అదే మెరుస్తది” అంది అమ్మ.

అన్నం లాగే దాన్ని కూడా ఆయన రెండోసారి అడగలేదు. కొబ్బరినూనె రుద్దాడు. మెరిసింది కూడా.

పెళ్లికి ముందు రోజు సాయంత్రం మగపెళ్లివాళ్లు ముహూర్తానికి కట్టుకునే తెల్ల చీర పంపారు. పసుపు అంచు నూలు చీర. అక్క వాళ్లమ్మ ముచ్చటపడి దాన్ని మడత పెట్టి తాతయ్య చేసిన పెట్టెలో పెట్టింది.

తెల్లవారి నేను అక్క పక్కనే కూర్చుని ఉన్నాను. మంగళస్నానం అయింది. అక్క పీట మీద కూర్చుంది. పసుపులో సున్నం కలిపి ఎర్రగా చేసిన పారాణి ఇత్తడి గిన్నెలో పక్కన ముక్కాలిపీట మీద ఉంది. ఒక పాదానికి పూయడం అయింది, రెండో పాదం మిగిలింది. అప్పుడు వాళ్లమ్మ పెట్టె తెరిచి చీర తీసింది. చీర మడతల మీద అరచేతులంతేసి ఎర్ర మరకలు. నూనెతో కలిసి ఆ కట్టె రంగు రాత్రంతా బట్టలోకి దిగింది. ఆమె చీర పట్టుకుని అట్లాగే గోడకు ఆనుకుంది. మగపెళ్లివాళ్ల చీర. ముహూర్తం చీర మీద ఎర్ర మరక అంటే వాళ్లు దాన్ని శకునం అనుకోకుండా ఉంటారా?

“పోయి మీ తాతను పిల్చుకరా” అంది నాతో.

నేను ఇంటికి వెళ్లి అక్క వాళ్లమ్మ పిలుస్తోందని మాత్రం చెప్పాను. పెళ్లిలో పనివాళ్లను పిలిచి బట్టలు పెట్టడం ఆనవాయితీ. అందుకే పిలిచారనుకున్నాడు మా తాతయ్య. ఉతికిన ధోవతి కట్టుకుని, కండువా భుజాన వేసుకుని, తల దువ్వుకుని బయల్దేరాడు. మా అమ్మ కూడా వెంట వచ్చింది. ఆ నాలుగడుగుల దూరం నేను ఆయన వెనకే నడిచాను. ఇప్పటికీ ఆ కండువా గుర్తుకొస్తే నాకు అన్నం సయించదు.

“చూడు నీ చేతి పని. వాళ్లొస్తున్నరు. నేనేమని చెప్పాలె?” అంది అక్క వాళ్లమ్మ.

ఆయన చీరను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు. “నాదే తప్పమ్మా. తెల్వని కట్టెను ముట్టకుండ ఉండాల్సింది” అన్నాడు. వార్నిష్ మాట ఎత్తలేదు.

మా అమ్మ మాత్రం అందరి ముందూ అంది. “నేను మొదలే చెప్పిన, పొయిల వెట్టుమని. నా మాట ఇంటె గద.”

తాతయ్య తల వంచుకుని, పెట్టె మూతను బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు. గది నిండా ఆడవాళ్లు. నేను మళ్లీ అక్క పక్కన చేరి నా కాలివేళ్లు చూసుకుంటూ కూర్చున్నాను. నేను చేసిన తప్పు ఏమీ లేదు. అయినా ఎవరైనా నన్ను చూస్తారేమోనని ముఖం ఎత్తలేకపోయాను.

బయట బాజాలు వినబడ్డాయి. మగపెళ్లివాళ్ల ఆడవాళ్లు అక్కకు చీర కట్టడానికి వస్తున్నారు.

“అమ్మా, చీర ఇటియ్యి, చూస్త” అంది అక్క. చీర తీసుకుని ఒళ్లో పరుచుకుంది. పెళ్లికొడుకు మేనత్త గడప దాటి లోపల కాలు పెట్టింది. అప్పుడే పారాణి గిన్నె ఒరిగి అక్క ఒళ్లో పడింది. తెల్ల చీరంతా పారాణి.

“అయ్యో, మోచేయి తగిలె” అంది అక్క.

మేనత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని, “గిన్నె కాడ చీర వెట్టుకుంటరా పిల్లా? జర నిమ్మళంగ ఉండవద్దా?” అంది.

“పెండ్లి తొందరల చేతులు నిలుస్తలేవు” అని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. వాళ్లలో పెద్దావిడ మాత్రం, “పారాణే గద, ఎరుపు మంచిదే. విసనకర్ర అందుకోండ్రి, ఆరుతది” అని తేల్చేసింది. పారాణి మరక ఏదో, కట్టె మరక ఏదో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ చీరతోనే అక్క పెళ్లయింది.

మోచేయి తగలలేదు. నేను పక్కనే ఉన్నాను. గడప దగ్గర గాజుల చప్పుడు కాగానే అక్క ఎడమ చేత్తో గిన్నెను దగ్గరికి జరుపుకుంది. తర్వాత అదే మోచేత్తో ఒళ్లోకి తోసింది. తాతయ్య వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే ఆయన అక్కడే ఏడ్చేవాడు. చేతులు నిలవని కోడలన్న పేరు అక్కకు అత్తగారింట్లో చాలా ఏళ్లు ఉండిందని తర్వాత విన్నాను. ఆమె ఎప్పుడూ కాదనలేదట.

అప్పగింతలప్పుడు, “తాతా, నా పెట్టె ఏది?” అని అడిగింది. ఆయన దాన్ని అప్పటికే మా ఇంట్లో మంచం కిందికి తోసేశాడు, తర్వాత కాల్చేద్దామని.

“అది మంచిది కాదు బిడ్డా.”

“చీరలు వెట్టనులే. గాజులకు రంగంటుతదా?”

ఆయన నవ్వాడు. వెళ్లి పెట్టె తెచ్చి, కండువాతో తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

మా అమ్మ వార్నిష్ సంగతి ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. తాతయ్య కూడా పోయే దాకా ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన అడగకుండానే అమ్మ రెండోసారి అన్నం వడ్డించేది. వద్దంటున్నా వడ్డించేది.

నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకానే. నాకు తెలిసినవన్నీ ఇళ్లలో, వీధిలో నేర్చుకున్నవే. పొదుపు మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను, దానికి సిగ్గుపడను. ఇప్పటికీ పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి దాస్తాను. నలుగురిలో ఒక మనిషి తల దిగిపోతుంటే ఏం చేయాలో మాత్రం అక్క దగ్గర నేర్చుకున్నానని ఇన్నేళ్లూ అనుకున్నాను. నా పిల్లలకు చెప్పాను, కోడళ్లకు చెప్పాను. నిన్న సాయంత్రం చూసుకుంటే అది నా దగ్గర లేదు. నోరు తెరవగానే మా అమ్మ మాటే వచ్చింది, అదీ ఇద్దరు పరాయి పిల్లల ముందు. నేను అరిచింది నిజానికి చీర కోసం కాదు, పైసల కోసం కూడా కాదు. తెల్ల బట్ట మీద ఆ ఎరుపు చూసి భయపడ్డాను. ఆ భయం సంగతి ఆ పిల్లకు చెప్పి ఉండవలసింది. అక్కే అయితే చెయ్యి తగిలిందని ఏ గిన్నె ఒలకబోసేదో.

పొద్దున్నే లేచి ఎవరికీ చెప్పకుండా ఉప్పల్ చౌరస్తా దగ్గరికి నడిచాను. హార్డ్‌వేర్ దుకాణం తెరిచేదాకా మెట్ల మీద కూర్చున్నాను. వార్నిష్ డబ్బా, ఒక బ్రష్ కొన్నాను. బేరమాడలేదు. ఇంటికి వచ్చేసరికి మనవరాలు బాల్కనీలో నా చీరను సబ్బు నీళ్లలో ముంచి రుద్దుతోంది. మరక పోలేదు.

డబ్బా దాని పక్కన పెట్టి, “లోపల గూడ వెయ్యి. లేకుంటే బట్టకు రంగు దిగుతది” అన్నాను.

“పొయిల వెట్టుమంటివి గద” అంది, తలెత్తకుండా.

“అవు, అన్న. తప్పు మాట అన్న. సాయంత్రం నీ దోస్తులను మళ్ల రమ్మను. వాళ్ల ముందట గూడ ఇదే చెప్త.”

అది చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లి పెట్టె తెచ్చింది. నేల మీద పాత పేపర్ పరిచి ఇద్దరం కూర్చున్నాం. అది లోపలి మూలల్లో బ్రష్ తిప్పుతుంటే నేను పెట్టె కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాను. పని అయ్యాక లేచి చూసుకుంటే నా అరచేతులు ఎర్రగా ఉన్నాయి.